విద్యుత్తీగలమీద వార్తాప్రసారము



గ్రామమునకు విద్యుత్తు వచ్చునపుడు ముందుగా స్తంభము కనబడును. తరువాత తీగ, ఆ తరువాత దీపము. ఆ తీగ వెలుగు తెచ్చునని, మోటారు త్రిప్పునని మనమందఱము ఎఱుగుదుము. అదే తీగ వార్తను సైతము మోయగలదనియు, మోయుచు నూఱేండ్లు దాటినదనియు ఎఱిగినవారు కొలదిమంది. నేను విశ్వవిద్యాలయమున విద్యార్థిగా నున్న కాలమున ఈ శాస్త్రమునే ప్రత్యేకముగా అభ్యసించితిని. ఇందు ఫలించిన ఆశలు కొన్ని, విఫలమైన ఆశలు కొన్ని కలవు. ఏది ఏల ఫలించెనో, ఏది ఏల ఫలింపదయ్యెనో నేటి ప్రసంగమున మీకు మనవి చేయదలచితిని.

ఈ విషయమునకు గోదావరి కాలువలకంటె తగిన పోలిక నాకు దొరకలేదు. 1852 వ సంవత్సరమున ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువలలో నీరు పాఱి పొలములు పండినవి. ఆ నీటిమీదనే పడవలు ధాన్యమును, మనుష్యులను మోసినవి. కాలువ ఒక్కటి, పనులు రెండు. నీరు పల్లమునకే పాఱును. పడవ ఎగువకును పోవును, దిగువకును పోవును. నీటిమట్టము మాఱుచోట్ల లాకులు కట్టి పడవను ఎత్తుటయో, దించుటయో జరిగెడిది.

విద్యుత్తీగయు ఇట్టిదే. మన ఇండ్లకు వచ్చు విద్యుత్తు సెకండునకు 50 మారులు ఊగును. ఇది మెల్లనిది, మిక్కిలి బలమైనది. దీనిమీద సెకండునకు వేలకొలది మారులో, లక్షలకొలది మారులో ఊగునట్టి సన్నని తరంగమును ఎక్కించినచో, ఆ రెండును ఒకదానినొకటి చెఱుపక ఒకే తీగలో ప్రయాణము చేయును. సన్నని తరంగమును పెంచుచు, తగ్గించుచు, ఆపుచు వార్తను అందు నిలుపుదురు. వార్తను మోయునది గనుక దీనిని వాహకతరంగ మందురు.

ఎక్కించుటకును దించుటకును సాధనములు రెండు చాలును. ఒకటి కండెన్సరు, అది మెల్లని ఊపును ఆపి వేగపు ఊపును పోనిచ్చును. రెండవది తీగచుట్ట, అది వేగపు ఊపును ఆపి మెల్లని ఊపును పోనిచ్చును. ఈ రెండింటిని తగినచోట నిలుపుటయే ఈ విద్యకు ఓనమాలు.

ఈ తలంపు దూరప్రాంతములకు విద్యుత్తును పంపుటయంత పాతది. 1891 వ సంవత్సరమున జర్మనీదేశమున లాఫెన్ అను ఊరి జలయంత్రమునుండి 175 కిలోమీటర్ల దూరమున నున్న ఫ్రాంక్‌ఫర్టు నగరమునకు విద్యుత్తును పంపి లోకమునకు చూపిరి. అంత దూరము విద్యుత్తును పంపవచ్చునని అంతకుముందు పలువురు నమ్మలేదు. ఆ పనిలో పాలుగొన్న ఇంజనీర్లలో చార్లెస్ బ్రౌన్ ఒకడు. ఇతడే 1897 వ సంవత్సరమున జోసెఫ్ రూటిన్ అను వానితో గూడి, విద్యుత్తు మీటర్లకు తీగగుండ సంకేతము పంపు పద్ధతికి బ్రిటనులో పేటెంటు పొందెను. తీగ వేసిన చేతులే ఆ తీగమీద వార్త పంపు ఉపాయమును వెదకినవి.

అయినను ఆ నాటికి వాహకతరంగమును పుట్టించుటకు గాని, బలహీనమై చేరినదానిని పెంచుటకు గాని మంచి సాధనములు లేవు. 1910 వ సంవత్సరమున అమెరికా సైన్యములోని జార్జి స్క్వయిరు అను అధికారి ఒకే జత టెలిఫోను తీగలమీద ఒకటికంటె ఎక్కువ సంభాషణలను ఒకే కాలమున నడపి చూపెను. తీగ వెంబడి పోవు రేడియో యని దీనిని వర్ణించిరి. తరువాత రేడియో వాల్వులు వచ్చినవి. వానితో కార్యము సుగమమయ్యెను.

సుమారు 1920 వ సంవత్సరప్రాంతమున జపాను, అమెరికా, ఐరోపా దేశములలో ఎత్తు వోల్టేజి తీగలమీద టెలిఫోను సంభాషణలు మొదలైనవి. ఇది వినోదమునకు చేసిన పని కాదు. జలవిద్యుత్కేంద్రములు కొండలలోను లోయలలోను ఉండును; విద్యుత్తును వాడు నగరములు వందల కిలోమీటర్ల దూరమున నుండును. నగరమున యంత్రములు ఆగిపోయినను, నడుమ తీగ తెగినను ఆ క్షణమే కొండమీది కేంద్రమునకు తెలియవలెను. అచ్చటికి ప్రజల టెలిఫోను చేరదు. చేరినను గాలివానకు మొదట తెగునది అదే. విద్యుత్తీగ లావైనది, ఉక్కుగోపురములమీద కట్టినది. ఆ తీగనే మాటాడింపవచ్చును గదా యని ఇంజనీర్లు ఆలోచించిరి. పది వాట్ల శక్తితో, అనగా ఒక చిన్న దీపము వెలుగుటకు చాలునంత శక్తితో, మాట వందల కిలోమీటర్లు పోయెను.

మీరు ఎత్తు వోల్టేజి సబ్‌స్టేషను ప్రక్కగా పోవునపుడు, పెద్ద తీగ లోనికి ప్రవేశించుచోట పీపావంటి లావైన చుట్ట యొకటి చూచియుందురు. దానిని ఇంజనీర్లు వేవ్ ట్రాప్ అందురు. తరంగమునకు పన్నిన ఉచ్చు అని అర్థము. వార్త సబ్‌స్టేషను యంత్రములలోనికి పోయి వృథా కాకుండ అది అడ్డగించును. విద్యుత్తును మాత్రము నిరాటంకముగా పోనిచ్చును. అడ్డగింపబడిన వార్త, ప్రక్కన పింగాణీ స్తంభములో నమర్చిన కండెన్సరుగుండ క్రిందికి దిగి, టెలిఫోను గదికి చేరును. ఇదియే మన కాలువకు లాకు.

ఈ ఏర్పాటు మాటలతో ఆగలేదు. తీగపై పిడుగు పడినపుడు గాని, చెట్టు పడినపుడు గాని రెండు కొసలయందును విద్యుత్తును వెంటనే ఆపవలెను. ఒక కొసనుండి మఱియొక కొసకు ఆ ఆజ్ఞను ఈ వాహకతరంగమే సెకండులో చిన్న భాగములోపల చేర్చును. మన దేశమున రాష్ట్రముల విద్యుత్సంస్థలు దశాబ్దములపాటు దీనినే నమ్ముకొని తమ తీగలను నడపుకొనినవి. ఇటీవల గోపురముల శిఖరమున కట్టు భూమితీగలోపల గాజునారలను పెట్టి, వెలుగురూపమున వార్తను పంపుచున్నారు. వాహకతరంగమునకు పని తగ్గినది.

రెండవ ప్రయోగము నగరములలో జరిగినది. 1930 ప్రాంతమునుండి జర్మనీ, ఫ్రాన్సు మొదలగు దేశములలో విద్యుత్సంస్థలు వీధిదీపములను వెలిగించుటకు, నీళ్లు కాచు యంత్రములను రాత్రివేళ మాత్రమే నడపుటకు తీగగుండ ఆజ్ఞలు పంపసాగినవి. ఇందు తరంగము సెకండునకు వందల మారులు మొదలు కొన్ని వేల మారులవఱకు మాత్రమే ఊగును. ఇంత మెల్లని తరంగము గనుకనే ట్రాన్స్‌ఫార్మరులను దాటి ఇంటింటికి పోగలిగెను. కాని ఊరంతటికి వినబడవలెనన్న గట్టిగా కేకవేయవలెను గదా! ఇందులకు వేల వాట్ల శక్తి, పెద్ద నగరములలో లక్షల వాట్ల శక్తి వెచ్చింపవలసివచ్చెను. ఆజ్ఞ పోవునే గాని ప్రత్యుత్తరము రాదు. ఊరిలో టముకు వేయువానికి ఎవరు విన్నారో తెలియనట్లు, పంపినవానికి ఫలితము తెలియదు. అయినను పని సులభము, నమ్మదగినది. న్యూజిలాండు దేశమున ఇండ్లలోని నీళ్లుకాచు యంత్రములను ఈ పద్ధతిచే విశేషముగ నడపిరి.

మూడవ ప్రయోగము పాటలకు సంబంధించినది. స్క్వయిరుగారి పద్ధతిని కొనిన అమెరికా విద్యుత్సంస్థ యొకటి 1920 తరువాత న్యూయార్కు నగరమునకు చేరిన స్టాటెన్ ద్వీపమున దీపపుతీగలమీద ఇండ్లకు సంగీతము పంపి చూచెను. గాలిలో వచ్చు రేడియో ఉచితముగా దొరకుచుండగా తీగ పాటకు డబ్బిచ్చువారు తక్కువైరి. 1934 వ సంవత్సరమున ఆ సంస్థకు మ్యూజాక్ అని పేరు పెట్టిరి. పిమ్మట అది హోటళ్లకు, కార్యాలయములకు టెలిఫోను తీగలమీద సంగీతమును అమ్ముకొనెను. దీపపుతీగ ఆ వ్యాపారమునుండి తప్పుకొనెను.

1936 వ సంవత్సరమున బ్రౌన్ విశ్వవిద్యాలయమున జార్జి అబ్రహాము, డేవిడ్ బోర్‌స్ట్ అను ఇద్దఱు విద్యార్థులు తమ వసతిగృహముల విద్యుత్తీగలమీద చిన్న రేడియో ప్రసారము నెలకొల్పిరి.    దానిని చూచి అమెరికాలోని పెక్కు కళాశాలలు అట్టివానినే పెట్టుకొనినవి. ఈ విద్య విశ్వవిద్యాలయమున ప్రవేశించినది పాఠముగా కాదు, విద్యార్థుల ఉత్సాహముగా నని చెప్పవచ్చును.

ఇక పాఠముగా ప్రవేశించిన సంగతి చెప్పెదను. 1948 వ సంవత్సరమున క్లాడ్ షానన్ అను గణితజ్ఞుడు వార్తాప్రసారమునకు గణితసిద్ధాంతమును రచించెను. ఎంత రొద యున్న మార్గమైనను, దానికి ఒక పరిమితి కలదనియు, ఆ పరిమితికి లోబడి పంపినచో వార్తను దాదాపు తప్పులు లేకుండ చేర్చు ఉపాయము తప్పక కలదనియు అతడు నిరూపించెను. అంతవఱకు రొదను జయించుట యనగా మఱింత గట్టిగా అఱచుట యని తలచెడివారు. రొదను చక్కగా నెఱిగి దానికి తగినట్లు మాటను కూర్చుకొనుట మేలని షానన్ పిమ్మట తెలిసెను. విద్యుత్తీగకు ఈ బోధ ప్రాణమువంటిది. ఏలయన అంత రొద గల తీగ మఱియొకటి లేదు.

నేను ప్రయోగశాలలో చేరినపుడు మా ఆచార్యులు మమ్ములను వెంటనే వార్త పంపనీయలేదు. ముందు తీగను వినుడనిరి. విద్యుత్తును కండెన్సరుచే ఆపి, మిగిలిన సన్నని అలజడిని తెరమీద చూచుచు, వేకువజాము మొదలు రాత్రివఱకు వ్రాసికొంటిమి. వేకువను తీగ ప్రశాంతముగా నుండెను. దీపముల వేళ కాగానే రొద పెరిగెను. పంకాకు అమర్చిన ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు ప్రతి ఊపునందును ఒక్కొక్క ముల్లువలె గ్రుచ్చుచుండెను. మీట నొక్కినపుడు, ఫ్రిజ్ మోటారు మొదలిడినపుడు పెద్ద తటాకము కనబడెను. దూరపు రేడియోస్టేషనులు సైతము తీగలో వినబడుచుండెను, ఏలయన పొడవైన తీగ ఏదైనను ఏరియలు వంటిదే. అన్నింటికంటె ఆశ్చర్యమైన దేమనగా, కొన్ని టెలివిజను పెట్టెలు రొద చేయకపోయినను, గోడకు తగిలించినంతమాత్రమున మా సంకేతమును మ్రింగివేయుచుండెను. తమ రొద వెలికి రాకుండ లోపల కండెన్సరులు పెట్టుకొనినందున, అవి మా వార్తకు గోతులవలె నుండెను.

ఇట్టి పరిశీలనలు పలు దేశములలో జరుగుచుండెను. 1997 వ సంవత్సరమున జర్మనీలోని ఎస్సెన్ నగరమున ఈ విద్యకై ప్రత్యేకముగ పండితసభ యొకటి కూడెను. కార్ల్స్‌రూహె విశ్వవిద్యాలయమున త్సిమ్మెర్మన్, డోస్టెర్ట్ అను ఇరువురు పండితులు 2002 వ సంవత్సరమున తీగ స్వభావమును గూర్చి ప్రకటించిన వ్యాసములను మావంటి విద్యార్థులందఱును చదివితిమి. తీగ ఇంటింటికి చీలుచోట తరంగములో కొంత వెనుకకు మఱలును. అందుచే ఒకే వార్త కొండలలో ప్రతిధ్వనివలె పలుమారులు, కొంచెము ముందువెనుకలుగా చేరును. కొన్ని ప్రతిధ్వనులు ఒకదానినొకటి బలపఱచును, కొన్ని చంపుకొనును. అందువలన కొన్ని తరంగములు చక్కగా పోవును, కొన్ని పూర్తిగా నశించును. ఏవి పోవునో తీగను బట్టి, వేళను బట్టి మాఱును. రొదలను సైతము వారు ఐదు జాతులుగా విభజించి చూపిరి.

దీనికి కనుగొన్న మందు సులభముగా చెప్పవచ్చును. ఒకే పెద్ద పడవలో సరుకంతయు వేయక, వందలకొలది చిన్న దోనెలలో పంచి పంపుదురు. మునిగిపోవు దారిలో దోనెను పంపరు. ఒకటి రెండు దోనెలు మునిగినను, మిగిలినవానిలోని గుర్తులనుబట్టి పోయిన సరుకును తిరిగి లెక్కగట్టుదురు. నేటి యంత్రములన్నియు ఇట్లే పనిచేయును.

ఇక భగ్నమైన ఆశను చెప్పవలెను. 1997 వ సంవత్సరమున ఇంగ్లండులో మాంచెస్టరు ప్రాంతపు నార్‌వెబ్ అను విద్యుత్సంస్థయు, నార్టెల్ అను టెలిఫోను యంత్రముల సంస్థయు కలసి, దీపపుతీగమీదనే ఇంటర్నెట్టును సెకండునకు పదిలక్షల బిట్లకు మించిన వేగమున ఇంటింటికి తెచ్చెదమని ప్రకటించినవి. పత్రికలు దీనిని మెచ్చుకొనినవి. దీపమున్న ప్రతి ఇంటికిని ప్రపంచములోని విద్య యంతయు వచ్చునని జనులు సంతోషించిరి. విద్యుత్తీగ చేరి టెలిఫోను చేరని గ్రామములున్న దేశములలో ఈ ఆశ మఱింత పెద్దది. 1999 వ సంవత్సరమున ఆ ప్రయత్నమును విడిచిపెట్టిరి.

కారణములు రెండు. మొదటిది పొరుగువారి సంగతి. వేగము కావలెనన్న సెకండునకు లక్షలు, కోట్లు మారులు ఊగు తరంగములు కావలెను. ఆ తరంగములు తీగలో అణగియుండక గాలిలోనికి చిమ్మును. వీధిదీపస్తంభములే ఏరియలులై వార్తను ఊరంతట వెదజల్లుచున్నవని ఆ కాలమున చెప్పుకొనిరి. ఆ తరంగములలోనే దూరదేశపు రేడియోలు, ఓడలు, విమానములు మాటాడుకొనుచుండును. పడవను అతివేగముగా నడపినచో అల లేచి కాలువగట్టు కోసికొనిపోవును. పడవవానికి లాభము, గట్టుమీది రైతునకు నష్టము. రెండవది వ్యయము. ఇంగ్లండులో ఒక ట్రాన్స్‌ఫార్మరు క్రింద సుమారు రెండువందల ఇండ్లుండును గనుక ఒక యంత్రమును అందఱును పంచుకొనవచ్చును. అమెరికాలో స్తంభముమీది ట్రాన్స్‌ఫార్మరు అయిదాఱు ఇండ్లకే పనిచేయును. ప్రతి దానికొక లాకు కట్టవలెను. అమెరికాలో వర్జీనియారాష్ట్రపు మనాసస్ పట్టణము 2005 లో ఊరంతటికి ఈ సౌకర్యము కలిగించి, చందాదారులు చాలక 2010 లో ఆపివేసెను.

అయినను ఈ విద్య చావలేదు. తన హద్దు నెఱిగికొని నిలిచెను. ఐరోపాలో 1991 లోనే ఒక నియమము ఏర్పడియుండెను. సెకండునకు 1,48,500 ఊపులు మించని తరంగములను మాత్రమే తీగమీద వాడవలెననియు, అందులో 95,000 వఱకు విద్యుత్సంస్థలకును, పైవి ఇంటివారికిని చెందుననియు దాని సారాంశము. ఈ మెల్లని దారిలోనే మీటరు మాటాడసాగెను. ఇటలీదేశపు విద్యుత్సంస్థ 2001 మొదలు కొలది యేండ్లలో సుమారు మూడుకోట్ల ఇండ్లకు ఇట్టి మీటర్లు పెట్టెను. ఫ్రాన్సు 2015 మొదలు 2021 వఱకు మూడుకోట్లకు మించి అమర్చెను. ఇంటిలోపల ఒక గదినుండి మఱియొక గదికి వేగముగా వార్త పంపు చిన్న పెట్టెలు 2001 నుండి అంగళ్లలో దొరకుచున్నవి. అవి రేడియో ఔత్సాహికులు వాడు తరంగములను ముట్టకుండ విడిచిపోవును.

మీటరు మాటాడుటలో మఱియొక సంగతి కలదు. ఏ గంటకు ఎంత విద్యుత్తు వాడిరో తెలిసినచో, ఇంటివారు ఎప్పుడు లేచిరో, ఎప్పుడు ఊరికి పోయిరో ఊహింపవచ్చును. అందుచేతనే 2009 వ సంవత్సరమున నెదర్లాండ్సు దేశపు ఎగువసభ ఇట్టి మీటర్లను ప్రతి ఇంటను నిర్బంధముగ పెట్టించు చట్టమునకు ఒప్పుకొనలేదు. తీగ ఇంటికి వార్త తెచ్చుట యొకటి, ఇంటి వార్తను వెలికి మోసికొనిపోవుట వేఱొకటి.

మన తెలుగు గ్రామముల మాట యేమి? ఇచ్చట తీగలు పొడవు, ఒక్కొక్క ట్రాన్స్‌ఫార్మరు క్రింద బావులమీది పంపుసెట్లు, అతుకులు అనేకము. వార్తకు ఇది కఠినమైన దారి. ఇంతలో సెల్‌ఫోను పల్లెలకు చేరెను. పొలమునకు పోకుండ ఇంటనుండియే సెల్‌ఫోనుతో మోటారును నడపు రైతులు నేడు మీలో నుందురు. మన దేశమున పెట్టుచున్న క్రొత్త మీటర్లలో పెక్కింటి వార్త రేడియోమీదను, సెల్‌ఫోను మార్గముననే పోవుచున్నది. దీపపుతీగ మనకు ఇంటర్నెట్టును తేలేదు. కాని ఎత్తు గోపురములమీద మన దీపములను కాపాడు ఆజ్ఞలను ఎన్నో ఏండ్లు మోసెను. అది మనకు తెలియకుండ జరిగిన సేవ.

ఈ చరిత్రలో నాకు కనబడిన సార మిది. తీగ యజమాని తన అవసరమునకు, మితముగా, తీగ స్వభావమునకు లోబడి పంపిన వార్త నిలిచెను. తీగ ఎట్లును ఉన్నది గనుక వార్త ఊరక వచ్చునని లెక్కవేసినవారు నష్టపడిరి. ఏలయన తీగ ఊరక వచ్చినను లాకులు ఊరక రావు. మీ గ్రామమునకు రేపు ఎవరైన వచ్చి, ఉన్న తీగమీదనే క్రొత్త సౌకర్యము ఉచితముగా తెచ్చెదమన్నచో, లాకు ఎవరు కట్టుదురు, గట్టు ఎవరిది కోసికొనిపోవును, ఇంటి వార్తను ఎవరు చదువుదురు అని అడుగుడు. సంతృప్తికరమైన బదులు చెప్పినచో వారిని ఆదరింపుడు. విద్యను అనుమానించుట తగదు. ధర యడుగకుండ కొనుటయు తగదు.